తీగలు కలపని టెలిఫోను ఎక్స్ఛేంజి

టెలిఫోనులో ఒక ఊరివారు మరొక ఊరివారితో మాట్లాడుతున్నారంటే, ఆ ఇద్దరి నడుమ ఒక తీగ దారి ఏర్పడి ఉంటుందని సామాన్యంగా అందరూ అనుకుంటారు. చాలాకాలం వరకు అది నిజమే. ఎక్స్ఛేంజిలో ఒక మనిషి గాని, ఒక యంత్రం గాని ఇటు తీగను అటు తీగతో కలిపితేనే మాట నడిచేది. నేడు చాలాచోట్ల అట్లా లేదు. మన పిలుపును నడిపించే ఎక్స్ఛేంజి ఒక కంప్యూటరులో పనిచేసే ప్రోగ్రాము మాత్రమే. అది ఏ తీగనూ మరొక తీగతో కలపదు. అంతకంటె వింత ఏమంటే, మనం మాట్లాడే మాటలలో సాధారణంగా ఒక్కటైనా దానిగుండా పోదు. ఈ ప్రోగ్రామునే సాఫ్ట్‌స్విచ్చి అంటారు. మాట తనగుండా పోనప్పుడు అది మాటకు దారి ఎట్లా చూపుతుంది? ఈ సంగతి బోధపడాలంటే పాత ఎక్స్ఛేంజి చేసిన పని ఏమిటో మొదట తెలుసుకోవలెను.

1878 జనవరి 28న అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో 21 మంది చందాదారులతో మొదటి వ్యాపార టెలిఫోను ఎక్స్ఛేంజి మొదలయింది. సరిగా నాలుగేండ్లకు, 1882లో అదే తేదీన, మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు ఎక్స్ఛేంజీలు ప్రారంభమయ్యాయి. అట్టి ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఏమి చేసేవాడు? ఎవరో టెలిఫోను ఎత్తారని గుర్తించేవాడు. ఎవరు కావాలని అడిగేవాడు. కావలసినవారి తీగ ఖాళీగా ఉన్నదో లేదో చూసేవాడు. ఖాళీగా ఉంటే గంట మోగించి, త్రాడు కొనలోని ప్లగ్గును గుచ్చి ఇద్దరినీ కలిపేవాడు. మాటలు ముగిశాక ప్లగ్గు పీకి, ఎంతసేపు మాట్లాడారో వ్రాసుకొనేవాడు. ఈ పనులను జాగ్రత్తగా గమనించవలెను. వీటిలో ప్లగ్గు గుచ్చడం, పీకడం మాత్రమే తీగలను కలిపే పని. తక్కినదంతా వినడం, ఆలోచించడం, నిర్ణయించడం, లెక్క వ్రాయడం. ఈ రెండు రకాల పనులను విడదీయడమే సాఫ్ట్‌స్విచ్చిలోని రహస్యం. కాని అందుకు నూరేండ్లకు పైగా పట్టింది.

ఆపరేటరు అక్కరలేని ఎక్స్ఛేంజిని కనిపెట్టినవాడు శాస్త్రజ్ఞుడు కాడు. కాన్సాస్ సిటీలో అంత్యక్రియల సామగ్రి వ్యాపారం చేసిన ఆల్మన్ స్ట్రౌజర్. తనకు రావలసిన పిలుపులను ఆపరేటరు తన పోటీదారునికి మళ్ళిస్తున్నదని ఆయనకు అనుమానం కలిగిందని చెప్తారు. అనుమానం నిజమో కాదో గాని, దాని ఫలితం లోకానికి మేలే అయింది. 1891లో ఆయనకు పేటెంటు లభించింది. మరుసటి సంవత్సరం ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ పట్టణంలో మొదటి స్వయంచాలక ఎక్స్ఛేంజి పనిచేయసాగింది. చందాదారు డయలులో 4 తిప్పితే తీగలో నాలుగు విద్యుత్ స్పందనలు పుట్టేవి. అవి ఎక్స్ఛేంజిలోని విద్యుదయస్కాంతాన్ని నాలుగుసార్లు గుంజితే, ఒక లోహపు చేయి నాలుగు మెట్లు పైకి ఎక్కేది. తరువాతి అంకెకు అదే చేయి పక్కకు తిరిగి, పది మెట్లు, మెట్టుకు పది మొనలు చొప్పున ఉన్న నూరు మొనలలో ఒకదానిని తాకేది. ఇందులో ఆలోచన వేరు, కలపడం వేరు కాదు. రెండూ ఒకే ఇనుప చేతిలో ఇమిడిపోయాయి. ఒక చందాదారు నంబరు మార్చాలంటే తీగలు విప్పి మళ్ళీ బిగించవలసిందే.

1965లో న్యూజెర్సీలోని సక్కసన్నా అనే ఊరిలో బెల్ సంస్థవారు నెలకొల్పిన ఎక్స్ఛేంజిలో నిర్ణయాలు చేసే పని మొదటిసారి పెద్ద ఎత్తున ప్రోగ్రాముకు అప్పగించబడింది. మాట మాత్రం ఇంకా లోహపు మొనల ద్వారానే పోయేది. మన దేశంలో 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ తయారుచేసిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పనికి వచ్చింది. అందులో నిర్ణయమే కాక మాట కూడ అంకెల రూపంలోనే నడిచేది. చల్లదనపు యంత్రాలు లేని గదిలో, వేడికీ దుమ్ముకూ ఓర్చి పనిచేసేటట్లు దానిని నిర్మించారు. అయినా మెదడూ, కలిపే యంత్రమూ అప్పటికి ఒకే బీరువాలో ఉండేవి. ప్రోగ్రాముతో నడిచే ఎక్స్ఛేంజి అంటే సాఫ్ట్‌స్విచ్చియే అనుకోవడం పొరపాటు.

మాట అంకెలుగా మారడం ఎట్లాగో ఇక్కడ చూడవలెను. మన కంఠధ్వనిని టెలిఫోను వ్యవస్థ సెకండుకు 8,000 సార్లు కొలుస్తుంది. ఒక్కొక్క కొలతను 8 బిట్లలో వ్రాస్తుంది. అనగా ఒక సెకండు మాటకు 64,000 బిట్లు. పాత డిజిటల్ ఎక్స్ఛేంజిలో ఈ బిట్లకు ఒక ప్రత్యేకమైన దారి ఉండేది. మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఆ దారి మరొకరికి దొరకదు. ఇంటర్నెట్టు పద్ధతి వేరు. అందులో మాటను చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, ప్రతి పొట్లం మీద చిరునామా వ్రాసి వదిలిపెడతారు. వీటినే ప్యాకెట్లు అంటారు. సాధారణంగా ఒక్కొక్క ప్యాకెట్టులో సెకండులో 50వ వంతు మాట ఉంటుంది. అది 160 కొలతలు, అనగా 160 బైట్లు. దానిపై చిరునామా, వరుస సంఖ్య, కాలసూచిక మొదలైన వాటికి మరి 40 బైట్లు. కాబట్టి 64,000 బిట్ల మాటకు తీగలో 80,000 బిట్లు పోతాయి. మాటను కుదించి 20 బైట్లకు తెచ్చే పద్ధతులు కూడ ఉన్నాయి. అప్పుడు సరుకు కంటె పొట్లం కాగితమే రెండింతలు బరువు!

ప్యాకెట్లు అన్నీ ఒకే వేగంతో రావు. కొన్ని ముందు వెనుకలుగా వస్తాయి, కొన్ని దారిలో తప్పిపోతాయి. అందుచేత అందుకొనే ఫోను వాటిని కొన్ని మిల్లీసెకండ్లపాటు నిలవ చేసి, వరుస సంఖ్యల ప్రకారం పేర్చి, అప్పుడు మాటగా మారుస్తుంది. తప్పిపోయినదానిని మళ్ళీ పంపమని అడగదు. ఉత్తరమైతే ఆలస్యంగా వచ్చినా పనికివస్తుంది. సంభాషణలో ఒక అక్షరం, తరువాతి మాట అయిపోయిన పిమ్మట వస్తే దానిని పెట్టుకొనేందుకు చోటు ఎక్కడ? ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకండ్లు మించకుండా ఉంటే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘంవారి సూచన.

ప్రతి ప్యాకెట్టు తన చిరునామాను తానే మోసుకొని పోతున్నప్పుడు మధ్యలో తీగలు కలిపే యంత్రంతో పనిలేదు. కాని ఆపరేటరు చేసిన తక్కిన పనులు ఎవరు చేస్తారు? ఎవరు ఎత్తారు, ఎవరు కావాలి, వారు ఎక్కడ ఉన్నారు, ఖాళీగా ఉన్నారా, లెక్క ఎంత? ఈ ఆలోచన పనులన్నింటినీ ఒక ప్రోగ్రాముగా కూర్చి, దానిని మాట నడిచే దారినుండి పూర్తిగా వేరుచేశారు. 1990ల చివరి సంవత్సరాలలో రూపుదిద్దుకొన్న సాఫ్ట్‌స్విచ్చి ఇదే. మాటకు సంబంధించిన మోతపని చేసేవి మీడియా గేట్‌వేలు అనే యంత్రాలు. ఇవి ఊరూరా ఉంటాయి. పాత రాగి తీగ మీద వచ్చిన ధ్వనిని ప్యాకెట్లుగాను, ప్యాకెట్లను ధ్వనిగాను మార్చడమే వీటి వృత్తి. వీటికి సొంతబుద్ధి తక్కువ. ఎక్కడో దూరాన ఉన్న సాఫ్ట్‌స్విచ్చి ఏమి చెప్తే అది చేస్తాయి. ఆ ఆజ్ఞలకు కూడ ఒక భాష ఉన్నది. 2000 సంవత్సరంలో ప్రమాణంగా ఏర్పడిన ఆ భాష పేరు హెచ్.248.

మన పెళ్ళిళ్ళ పేరయ్యను తలచుకొంటే సాఫ్ట్‌స్విచ్చి సులభంగా బోధపడుతుంది. ఏ ఊరిలో ఎవరున్నారో ఆయన జాబితాలో ఉంటుంది. ఇటువారి చిరునామా అటు ఇస్తాడు, అటువారి షరతులు ఇటు చెప్తాడు. సంబంధం కుదిరిన తరువాత రెండిళ్ళవారూ నేరుగా మాట్లాడుకొంటారు, మధ్యలో ఆయన ఉండనక్కరలేదు. కాకపోతే పేరయ్య వియ్యంకులు విడిపోయే రోజున రాడు. సాఫ్ట్‌స్విచ్చి మాత్రం ఆ సమయానికి తప్పక వచ్చి లెక్క వ్రాసుకొంటుంది.

ఇప్పుడు ఒక పిలుపు వెంట మొదటినుండి చివరివరకు నడుద్దాము. తెనాలిలో ఒకరింట పాత రాగి తీగ టెలిఫోను, ఖమ్మంలో మరొకరింట ఇంటర్నెట్టు టెలిఫోను, హైదరాబాదులో సాఫ్ట్‌స్విచ్చి ఉన్నాయనుకుందాము. తెనాలివారు ఫోను ఎత్తగానే తీగలో విద్యుత్ వలయం పూర్తి అవుతుంది. దానిని గుర్తించిన తెనాలి గేట్‌వే, ‘ఫలానా తీగవారు ఎత్తారు’ అని హైదరాబాదుకు చిన్న సందేశం పంపుతుంది. ‘వారికి డయలు ధ్వని వినిపించు, నొక్కిన అంకెలను కూర్చి పంపు’ అని జవాబు వస్తుంది. డయలు ధ్వని తెనాలి గేట్‌వేలోనే పుడుతుంది, హైదరాబాదు నుండి రాదు. అంకెలన్నీ పూర్తి అయిన తరువాత గేట్‌వే వాటిని ఒకేసారి పంపుతుంది.

ఇక్కడినుండి సాఫ్ట్‌స్విచ్చి ఆలోచన మొదలు. ఈ చందాదారుకు ఈ నంబరును పిలిచే హక్కు ఉన్నదా? ఆ నంబరు ఎవరి వ్యవస్థలోనిది? తన వ్యవస్థలోనిదే అయితే ఆ ఫోను ఈ క్షణంలో ఎక్కడ ఉన్నది? ఈ చివరి ప్రశ్న పాత ఎక్స్ఛేంజికి ఉండేదే కాదు, ఎందుకంటే తీగ ఎక్కడ ముగిస్తే ఫోను అక్కడే. ఇంటర్నెట్టు ఫోను అట్లా కాదు. అది ఎక్కడ తగిలించబడితే అక్కడినుండి, ‘నేను ఫలానా నంబరును, ప్రస్తుతం నా ఐ.పి. చిరునామా ఇది’ అని సాఫ్ట్‌స్విచ్చికి చెప్పుకొంటుంది. ఆ నమోదు కొంతకాలమే చెల్లుతుంది. గడువు తీరేలోగా ఫోను మళ్ళీ చెప్పుకోవలెను. చెప్పకపోతే పట్టికలో దాని పేరు కొట్టివేయబడుతుంది.

చిరునామా దొరికిన తోడనే సాఫ్ట్‌స్విచ్చి ఖమ్మం ఫోనుకు ‘ఇన్వైట్’ అనే ఆహ్వానం పంపుతుంది. ఇది సిప్ అనే భాషలోని మాట. 1999లో మొదట ప్రకటింపబడి, 2002లో సవరింపబడిన ఈ భాష వెబ్ పుటలను తెచ్చే భాషను పోలి, మనిషి చదివినా అర్థమయ్యే అక్షరాలలో ఉంటుంది. తెనాలి గేట్‌వే చిరునామా, అది మాటను ఏయే పద్ధతులలో కుదించగలదో ఆహ్వానంలోనే వ్రాసి ఉంటాయి. ఖమ్మం ఫోను గంట మోగిస్తూ ‘180’ అనే జవాబు పంపుతుంది. అప్పుడు సాఫ్ట్‌స్విచ్చి తెనాలి గేట్‌వేతో, ‘గంట ధ్వని వినిపించు’ అంటుంది. అనగా పిలిచినవారు వింటున్నది ఖమ్మంలోని గంట కాదు, తమ ఊరిలోనే పుట్టిన మరొక ధ్వని. ఖమ్మంవారు ఫోను ఎత్తగానే ‘200’ అనే అంగీకారం, దానితోపాటు ఆ ఫోను చిరునామా, తనకు నచ్చిన కుదింపు పద్ధతి వస్తాయి. ఆ చిరునామాను సాఫ్ట్‌స్విచ్చి తెనాలికి అందజేస్తుంది. ఇక తెనాలి నుండి ఖమ్మానికి, ఖమ్మం నుండి తెనాలికి సెకండుకు 50 చొప్పున ప్యాకెట్లు నేరుగా పరుగెత్తుతాయి. ఎవరో ఒకరు ఫోను పెట్టివేసేవరకు హైదరాబాదుకు దాదాపు పనిలేదు. ఇది సిద్ధాంతం. ఆచరణలో రక్షణ కొరకు సంస్థలు తమ సరిహద్దులలో కాపలా యంత్రాలను పెట్టుకొంటాయి కాబట్టి, ప్యాకెట్లు వాటిగుండా చుట్టు తిరిగి పోవడం కద్దు.

ఖమ్మం ఫోను బదులు పిలువబడినవారు పాత పద్ధతి ఎక్స్ఛేంజికి చెందినవారైతే సాఫ్ట్‌స్విచ్చి దుబాసీ పని కూడ చేయవలెను. పాత ఎక్స్ఛేంజీలు తమలో తాము ఏడవ సంకేత పద్ధతి అనే వేరొక భాషలో మాట్లాడుకొంటాయి. ‘లైను ఖాళీ లేదు’ అనడానికి వాటి సంఖ్య 17. సిప్ భాషలో అదే సంగతికి సంఖ్య 486. అసలు లేని నంబరుకు అక్కడ 1, ఇక్కడ 404. వెబ్ పుట దొరకనప్పుడు తెరమీద కనిపించే 404 కూడ ఈ వంశంలోనిదే.

తరగతిలో ఉపాధ్యాయులు దీనిని పరికరాలేవీ లేకుండానే చేసి చూపవచ్చును. ఒక విద్యార్థికి నమోదు పుస్తకం ఇచ్చి నల్లబల్లవద్ద నిలబెట్టవలెను. ఇతడే సాఫ్ట్‌స్విచ్చి. గదికి రెండు మూలల ఇద్దరిని కూర్చుండబెట్టి, ఒకరిచేత ఒక వాక్యాన్ని అక్షరానికి ఒక చీటీగా వ్రాయించి, వరుస సంఖ్య వేయించి, వేర్వేరు బెంచీల మీదుగా పంపించవలెను. మధ్యలో ఒకటి రెండు చీటీలు దాచివేస్తే మరీ మంచిది. అందుకొన్నవాడు సంఖ్యల ప్రకారం పేర్చి, లోటున్నా వాక్యాన్ని చదువగలుగుతాడు. పుస్తకం పట్టుకొన్న విద్యార్థి చేతికి మాత్రం ఒక్క చీటీ కూడ తగలకూడదు.

ఈ విభజన వలన కలిగిన లాభాలు తెలియనివి కావు. క్రొత్త సౌకర్యం కావాలంటే యంత్రం మార్చక ప్రోగ్రాము మారిస్తే చాలు. ప్రత్యేకమైన బీరువాల స్థానంలో మామూలు కంప్యూటరులు సరిపోతాయి. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే యువకుడు తన చిన్న వ్యాపారానికి ఎక్స్ఛేంజి కొనే స్తోమతు లేక, ఆస్టరిస్క్ అనే ప్రోగ్రాము తానే వ్రాసి, దానిని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. కోట్ల రూపాయల యంత్రం చేసే పనిలో మంచి భాగాన్ని అది బల్లమీద కంప్యూటరులో చేసి చూపింది. మన దేశంలో పాత సి-డాట్ ఎక్స్ఛేంజీల చందాదారుల కార్డులను అట్లాగే ఉంచి, మెదడును మాత్రం ఈ క్రొత్త పద్ధతికి మార్చే విధానాన్ని ఆ సంస్థయే రూపొందించింది. 2016 సెప్టెంబరులో సేవలు ప్రారంభించిన జియో మొబైల్ వ్యవస్థలో పాత రకం ఎక్స్ఛేంజి మొదటినుండీ లేదు. అందులో మాట అంతా ప్యాకెట్లే. అక్కడ సాఫ్ట్‌స్విచ్చి పనులను మళ్ళీ కొన్ని ముక్కలుగా విడగొట్టి ఐ.ఎం.ఎస్. అనే ఏర్పాటుగా కూర్చారు. మూలసూత్రం ఒక్కటే.

లాభం ఎక్కడినుండి వచ్చినదో ప్రమాదమూ అక్కడినుండే వస్తుంది. ఇనుప చేయి విరిగితే ఒకరి పిలుపు చెడుతుంది. ప్రోగ్రాములో తప్పు ఉంటే ఆ ప్రోగ్రాము ఉన్న ప్రతిచోటా అదే తప్పు ఉంటుంది. సాఫ్ట్‌స్విచ్చి పుట్టకముందే దీనికి ఒక గుణపాఠం దొరికింది. 1990 జనవరి 15న న్యూయార్కులోని ఒక దూరప్రాంతపు ఎక్స్ఛేంజి చిన్న లోపంతో కొద్ది సెకండ్లు ఆగి, తనను తాను సరిచేసుకొని, ‘నేను మళ్ళీ వచ్చాను’ అని ఇరుగుపొరుగు ఎక్స్ఛేంజీలకు తెలిపింది. ఆ కబురును పుస్తకంలో వ్రాసుకొంటున్న సమయంలో మరొక కబురు వెంటనే వస్తే గందరగోళపడే తప్పు, నెల క్రితం ఎక్కించిన క్రొత్త ప్రోగ్రాములో ఉన్నది. పొరుగు ఎక్స్ఛేంజీ కూడ ఆగింది, తేరుకొన్నది, ‘నేను వచ్చాను’ అన్నది. ఆ మాటతో దాని పొరుగుది ఆగింది. 114 ఎక్స్ఛేంజీలూ ఇట్లా ఒకదానినొకటి పడగొట్టుకొంటూ తొమ్మిది గంటలు గడిపాయి. దేశంలో ఆనాటి ఆ సంస్థ దూరపు పిలుపులలో దాదాపు సగం విఫలమయ్యాయి.

ఆలోచనను ఒకేచోట కేంద్రీకరించిన తరువాత ఇట్టిది ఎంత దూరం పోగలదో 2014లో తెలిసింది. ఏప్రిల్ 9 రాత్రి అమెరికాలో ఏడు రాష్ట్రాలలో కోటీ పదిలక్షలకు పైగా జనం నివసించే ప్రాంతాలకు అత్యవసర టెలిఫోను సేవ ఆరు గంటలదాకా దెబ్బతిన్నది. పిడుగు లేదు, తుఫాను లేదు. కొలరాడోలోని ఎంగిల్‌వుడ్‌లో పిలుపులను దారి చూపి పంపే కంప్యూటరు ప్రతి పిలుపుకూ ఒక క్రమసంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్యకు ఎవరో ఒక పరిమితి పెట్టారు, సుమారు నాలుగు కోట్లు. ఆ రాత్రికి లెక్క అంతవరకు వచ్చింది. తరువాతి పిలుపుకు ఇవ్వడానికి సంఖ్య లేదు. అదే పని చేయగల రెండవ కేంద్రం మయామీలో ఉన్నా, ప్రమాద సూచన స్వల్పమైనదిగా నమోదు కావడంచేత పని వెంటనే అటు మారలేదు. 6,600కు పైగా అత్యవసర పిలుపులు అందవలసినవారికి అందలేదు. ఒక్కొక్క పిలుపు వెనుక ఒక మంటో, ఒక గుండెపోటో, ఒక దొంగో ఉండి ఉండవచ్చును.

అందుచేత సాఫ్ట్‌స్విచ్చిని జంటగా, వేర్వేరు నగరాలలో ఉంచుతారు. ఒకటి బ్రతికి ఉన్నదో లేదో మరొకటి కొద్ది సెకండ్లకు ఒకసారి విచారిస్తూ ఉంటుంది. గేట్‌వేలకు కూడ రెండవదాని చిరునామా ముందుగానే తెలిసి ఉంటుంది. జంటలో రెండింటిలోనూ ఉన్నది ఒకే ప్రోగ్రాము అయితే ఈ జాగ్రత్త నిప్పు నుండి, వరద నుండి కాపాడుతుందే గాని, ప్రోగ్రాములోని తప్పునుండి కాపాడలేదు.

మన 108 వంటి నంబరులకు మరొక చిక్కు ఉన్నది. అది ఒక చిరునామా కాదు. పిలిచినవారు ఏ ప్రాంతంవారో చూసి, తగిన కేంద్రపు అసలు నంబరుగా దానిని సాఫ్ట్‌స్విచ్చి మార్చవలెను. తీగ ఫోను ఉన్నచోటు తీగయే చెప్పేది. ఎక్కడైనా తగిలించగల ఫోను విషయంలో పట్టికలో వ్రాసిన ఊరు ఒకటి, మనిషి ఉన్న ఊరు ఒకటి కావచ్చును. ఇల్లు మారినవారు చిరునామా మార్పు తెలియజేయడం బిల్లు కొరకు మాత్రమే కాదు.

చివరకు చెప్పవలసినది విద్యుత్తును గురించి. పాత టెలిఫోనుకు కావలసిన 48 వోల్టుల విద్యుత్తు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి అదే తీగమీద వచ్చేది. తీరంలో గాలివాన రాత్రి ఊరంతా చీకటి అయినా, తీగ తెగనంతవరకు ఫోను పలికేది. ఇంటర్నెట్టు ఫోనుకు, దాని పక్కనున్న పెట్టెకు ఇంటి కరెంటే ఆధారం. దానికి చిన్న బ్యాటరీ ఏర్పాటు లేకపోతే కరెంటు పోయిన తోడనే ఫోను మూగబోతుంది. నమోదు గడువు తీరగానే, దూరనగరంలో సాఫ్ట్‌స్విచ్చి ఎంత చురుకుగా పనిచేస్తున్నా, దాని పట్టికలో ఆ ఇంటికి ఎదురుగా ఉన్న గడి ఖాళీ అవుతుంది.